కృష్ణుడి తరఫు వకీలు

కర్ణపర్వంలో గమ్మత్తైన ఘట్టం ఒకటుంది. కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరం చేరిన ధర్మరాజు, ఆ ఉక్రోషంలో నీ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంటాడు అర్జునుణ్ణి. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి పాత ఒట్టు. కత్తి దూస్తాడు. కృష్ణుడు ఆపి, కౌశికుడి కథ చెప్తాడు: నిజమే పలుకుతానన్న వ్రతంతో, పారిపోయి దాక్కున్నవాళ్ళ జాడ దొంగలకి చెప్పేసి, నరకానికి పోయిన తాపసి కథ. ఆపైన ఉపాయం: పెద్దవాణ్ణి 'నువ్వు' అనేస్తే చంపినట్టే!

మనం నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. బిమల్ కృష్ణ మతిలాల్ తిప్పలేదు. 1991లో చనిపోయేదాకా ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల ప్రొఫెసర్. ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా చేసి వెళ్ళిన రాధాకృష్ణన్ 1936లో మొదటగా కూర్చున్న పీఠమే అది. మతిలాల్ దారి మాత్రం వేరు. న్యాయశాస్త్రంలో ఆరితేరిన తార్కికుడు. భారతీయ తత్త్వమంటే మోక్షం, ధ్యానమేగా అంటే ఒప్పుకోడు.

ఆయన పోయాక 2002లో వచ్చిన 'ఎథిక్స్ అండ్ ఎపిక్స్'లో కౌశికుడి పక్కన కాంట్‌ని నిలబెడతాడు. హంతకుడు తలుపు తట్టి అడిగినా అబద్ధమాడకూడదన్న కాంట్‌ని. రెండు ధర్మాలు నిజంగానే ఢీకొంటాయనీ, అప్పుడు నియమం ఒక్కటే దారి చూపించదనీ మతిలాల్ వాదన. కృష్ణుణ్ణి ఆయన వెనకేసుకొచ్చే తీరు నాకు భలే నచ్చింది. జిత్తులమారి అని ముందే ఒప్పేసుకుంటాడు. ఈ దేవుడు సర్వశక్తిమంతుడు కాదు, యుద్ధాన్నే ఆపలేకపోయాడు కదా అంటాడు. లీల అని తప్పించుకోడు.

నా పేచీ వేరే. 'నువ్వు' అనే ఉపాయం ఓ ప్రాణం కాపాడింది, సరే. అదే రోజు, అదే కృష్ణుడు, రథచక్రం దిగబడ్డ కర్ణుణ్ణి కొట్టించాడు. ద్రౌపదిని సభకి ఈడ్చినప్పుడు నీ ధర్మం ఎటు పోయిందన్న ఆయన ప్రశ్నకి పదునుంది, కానీ అది జవాబు కాదు. నియమాన్ని వంచే ఊహాశక్తి అన్న మతిలాల్ వాదన మొదటిదానికి అతికినట్టు రెండోదానికి అతకదు. ఇవాళ ప్రతి రాజకీయ మోసానికీ 'కృష్ణుడూ చేశాడుగా' అనేవాళ్ళకి కావలసింది ఆ రెండోదే మరి.

ఇంకోటి. ఈ సందిగ్ధాలన్నీ నిర్ణయించేవాడివే: అర్జునుడివి, కౌశికుడివి. కౌశికుడి పేరు మనకి తెలుసు. ఆ చెట్ల చాటున దాక్కున్నవాళ్ళకి కథలో పేర్లే లేవు.