వేలము - పాట : అర్థవిచారము

'వేలము' అనునది 'వెల'నుండి పుట్టినదని చెప్పుట చెవికి సులభమే కాని యుక్తము గాదు. ఇది పోర్చుగీసువారి 'లెయిలాఁవ్'. ఓడరేవులనుండి దేశములోనికి వచ్చి అరవమున 'ఏలమ్', హిందీలో 'నీలామ్', తెలుఁగున 'వేలము' అయినది. దాని మూలము ప్రకటనార్థకమైన అరబ్బీపదమని భాషావేత్తల యూహ. తెలంగాణమున వాడుకలోనున్న 'హర్రాజు' సయితము అరబ్బీదే. వెలకును వేలమునకును గలది ధ్వనిసామ్యము మాత్రమే.

అయినను దీనిని వట్టి వ్యుత్పత్తిదోషముగ విడిచివేయరాదు. ఇది యర్థమును గూడఁ జెఱచుచున్నది. అంగడిలో వెల చెప్పువాఁడు అమ్మువాఁడు. తగ్గింపుమని బేరమాడువాఁడు కొనువాఁడు. వేలమున నీ క్రమము తలక్రిందగును. సరకుగలవాఁడు మౌనముగ నిలుచును. వెల కొనువాని నోట వెడలును. కావుననే వేలము 'వేయుట' యొకరిది, 'పాడుట' వేఱొకరిది. 'హెచ్చుపాట', 'పాటదారుఁడు' అను మాటలను కేవలాలంకారములుగ నెంచరాదు. పరభాషాపదమున నడఁగియున్న ప్రకటనార్థమును తెలుఁగువాఁడు తెలియకయే 'పాట'తో మరల బయల్పఱచినాఁడు. 'బహిరంగవిక్రయము' అని వ్రాసి ముగించిన నిఘంటుకారుని పని తీఱదు.

ఈ భేదము స్పష్టముగఁ గానవచ్చుచోటు మార్కాపురమునకును పొదిలికిని నడుమనున్న మెట్టసీమ. కొనకనమిట్లవంటి యూళ్ల పొగాకు పొదిలి వేలముకేంద్రమునకుఁ జేరును. 1976లో పొగాకుబోర్డు ఏర్పడి, ఆంధ్రదేశమున 1985లో దాని వేలములు మొదలైన పిదప 'బేలు', 'నోబిడ్డు' అనునవి రైతునోటఁ దెలుఁగుమాటలే యైనవి. నోబిడ్డనఁగా నెవ్వరును పాడని బేలు. ధర చాలదని రైతు కాదనుట వేఱు, ధరయే పుట్టకపోవుట వేఱు. ఆ బేలును మరల బండికెత్తించుకొనువాఁడు 'అమ్మలేదు' అనఁడు; 'నోబిడ్డు చేసిరి' అనును. క్రియకుఁ గర్త తాను గాఁడు. ఏఁడాది కష్టమంతయు నితరుల మౌనముచేఁ దిరిగివచ్చినదని యా రెండుమాటలలోనే తెలియును. దీనికి 'అపణితము' వంటి సంస్కృతపదమును గల్పింపఁబూను పండితుఁడు మున్ను ఆ బేలు నొకమాఱు మోసిచూడవలయును.

ఇటీవల కొనుగోలుదారులు నోరు మెదపక చేతియంత్రములపై నంకెలు నొక్కుచున్నారు. అయినను ఇంటికి వచ్చిన రైతును పొరుగువాఁ డడుగునది 'కిలో యెంత పలికినది?' అనియే.