పాత పంచె కప్పుకున్న హార్మోనియం

యర్రగొండపాలెంలో ఎండాకాలం గాలి ఉత్త చేతులతో రాదు. దుక్కి దున్ని వదిలేసిన చేలమీదుగా, మాచర్ల–మార్కాపురం రోడ్డు పక్కనున్న మట్టినంతా పోగేసుకుని ఇళ్లలోకి దూరుతుంది. పొద్దున తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. మార్కాపురం వైపు దీనికి పలకరాయి పొడి తోడవుతుంది. బడిపిల్లలకు పలకలందించి పేరు తెచ్చుకున్న ఊరది. రాయి కోసి నునుపు చేసే షెడ్ల చుట్టూ చెట్ల ఆకులు కూడా బూడిద రంగులోనే ఉంటాయి.

ఈ దుమ్ములోనే భజన మందిరాల్లో హార్మోనియాలు, డోలక్‌లు, తాళాలు బతకాలి. నెలగంట పెట్టిన రోజు నుంచి సంక్రాంతి దాకా వాటికి విశ్రాంతి ఉండదు. శ్రీరామనవమికో, శివరాత్రి జాగరణకో మళ్లీ బయటికొస్తాయి. మిగతా కాలమంతా గుడి గదిలోనో అటక మీదో పడి ఉంటాయి. వాయించే రోజుల్లోనే కాదు, ఇలా ఊరికే ఉన్న నెలల్లోనూ వాటికి దెబ్బ పడుతుంది. దాన్ని తప్పించడానికి కావలసిన సరంజామా మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది.

ముందు హార్మోనియం లోపల ఏముందో చూడాలి. 1840ల్లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెన్ తయారుచేసిన కాళ్లతో తొక్కే వాద్యాన్ని, ఆ శతాబ్దం చివరికి కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారు నేల మీద కూర్చుని వాయించుకునే పెట్టెగా మార్చారు. వెనక తిత్తి ఊపితే బయటి గాలి చిల్లుల గుండా లోపలికి వస్తుంది. మెట్టు నొక్కితే దాని కింది రంధ్రం తెరుచుకుని, ఆ గాలి ఇత్తడి రీడ్ నాలుకను ఊపుతూ బయటికి పోతుంది. నాలుకకూ దాని చట్రానికీ మధ్య వెంట్రుక దూరడం కూడా కష్టమే. అక్కడ ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే స్వరం మూగబోతుంది, లేదా కందిరీగలా బుయ్యిమంటుంది.

అంటే హార్మోనియం ఊపిరి పీల్చే వాద్యం. మూసి ఉన్నప్పుడు దాని మీద దుమ్ము పడుతుంది. వాయిస్తున్నప్పుడు మాత్రం చుట్టూ ఉన్న దుమ్మును అదే లోపలికి లాక్కుంటుంది. కాబట్టి పెట్టెకు గుడ్డ కప్పడం కంటే ముందు, పెట్టె తెరిచే చోటును సిద్ధం చేయడం ముఖ్యం. పల్లె భజనల్లో ఈ పని తరాలుగా జరుగుతూనే ఉంది. అయితే దాన్ని వాద్య సంరక్షణ అని ఎవరూ అనుకోరు.

సాయంత్రం భజన ఉంటే గుడి ముందు ఊడ్చి కల్లాపి చల్లుతారు. శుభానికి చల్లినా, ఆ నీళ్లు నేల మీది మెత్తటి మట్టిని అణిచిపెడతాయి. ఇక్కడ వరుస తప్పకూడదు. ఊడ్చిన వెంటనే పెట్టె తెరిస్తే చీపురు లేపిన దుమ్మంతా తిత్తిలోకి పోతుంది. ఊడ్చి, చల్లి, దీపం పెట్టి, జనం చేరేలోగా అరగంట గడిస్తే గాల్లో తేలేవి చాలావరకు కిందికి దిగుతాయి. జంపఖానా సంగతి మరీ మోసం. ఏడాది పొడవునా మడతలో ఉన్న జంపఖానాను గుడిలోనే దులిపి, దాని మీదే హార్మోనియం పెట్టడం చాలాచోట్ల చూడవచ్చు. దాన్ని వీధిలో, గాలి వాలు చూసి, కర్రతో కొట్టి తేవాలి. హార్మోనియాన్ని నేల మీద కాకుండా జానెడెత్తు పీట మీద పెడితే, గాలి పీల్చే చిల్లులు మట్టికి దూరమవుతాయి.

చెక్కభజన, కోలాటం ఉన్న రోజున మరో చిక్కు. ఇరవై మంది అడుగులేస్తుంటే మట్టి మోకాళ్ల దాకా లేస్తుంది. పాటగాళ్లు ఆటగాళ్ల మధ్యలో కూర్చుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ హార్మోనియానికి అది శిక్ష. గాలి ఎటు నుంచి వస్తుందో ఆ వైపు వాద్యాలు ఉండాలి, ఆట దిగువన జరగాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఇక గవిసెన, అంటే వాద్యం మీద తొడిగే గుడ్డ తొడుగు. పాత నూలు పంచెను మించిన గుడ్డ లేదు. పదేపదే ఉతికిన నూలులో గంజి ఉండదు, రంగు వదలదు, నూగు రాలదు. పెద్ద మ్యూజియంలలో కూడా వస్తువుల మీద కప్పడానికి రంగు వేయని, ముందే ఉతికిన నూలు గుడ్డనే వాడతారు. పంచెను రెండు పొరలుగా మడిచి, పెట్టె కొలతకు నాలుగు పక్కలా కిందిదాకా దిగేలా కుట్టిస్తే సరిపోతుంది. ఊళ్లో దర్జీ ఎవరైనా కుట్టిపెడతారు. కొంతమంది మీద మాత్రమే తుండుగుడ్డ పరిచి సరిపెడతారు. వెనక తిత్తి మడతలు బోసిగా ఉంటే ఆ కప్పడం కంటితుడుపే. పెట్టె మీది జాలీకి లోపలి వైపు పల్చటి మల్లు గుడ్డ అంటించడం హార్మోనియం చేసేవాళ్లకు తెలిసిన పని. అది చిరిగితే కొత్తది వేయించుకోవాలి. గవిసెనను నెలకోసారి ఉతికి బాగా ఆరేయాలి. ఉతకని గవిసెన దుమ్మును దాచిపెట్టి, తీసినప్పుడల్లా వాద్యం మీదే దులుపుతుంది.

ప్లాస్టిక్ సంచి దుమ్మును గుడ్డ కంటే బాగా ఆపుతుంది, ఒప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో దానివల్ల పెద్ద నష్టం లేదు. వానలు మొదలయ్యాక లోపలి తేమ బయటికి పోలేక తోలు మీద బూజు పడుతుంది, ఇనుప స్ప్రింగులు తుప్పు పడతాయి. కాబట్టి ప్లాస్టిక్ ప్రయాణానికే. ట్రాక్టర్ మీదనో ఆటోలోనో దోర్నాల మీదుగా శ్రీశైలం బయల్దేరే భజన బృందం, గవిసెన మీద ఒక సంచి తొడిగి తీసుకెళ్లి, చేరగానే తీసేస్తే మంచిది. ఆ సంచి యూరియాది మాత్రం కాకూడదు. ఎంత దులిపినా దాని కుట్లలో ఎరువు గుండ మిగులుతుంది. అది గాల్లోని తేమను పీల్చుకుని ఇత్తడినీ తోలునూ తింటుంది. బియ్యం సంచి వాడుకోవచ్చు.

దసరాకు వాద్యాలను పూజించడం మన దగ్గర ఆనవాయితీ. భక్తిని తప్పుపట్టే పని లేదు గానీ, హార్మోనియం మెట్ల మీద పసుపు, కుంకుమ చల్లడం వాద్యానికి ఏడాదికి సరిపడా దుమ్మును ఒక్కరోజులో పెట్టడమే. ఆ గుండ మెట్ల సందుల్లోంచి దిగి రీడ్ల మీద కూర్చుంటుంది. బొట్టును పెట్టె చెక్క మీద పెట్టినా పూజ పూజే. దీపం మసి, హారతి కర్పూరం పొగ ఇంకో రకం బెడద. నూనె జిడ్డు కలిసిన దుమ్ము దులిపితే రాలదు. పెట్టెను దీపానికి నాలుగు బారల దూరంలో ఉంచడం ఆ జిడ్డును వదిలించడం కంటే సులువు.

తుడవడంలో కూడా వాద్యాలు పాడవుతాయి. మట్టిలోనూ పలకరాయి పొడిలోనూ స్ఫటిక రేణువులుంటాయి. కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోహ్స్ కొలమానంలో స్ఫటికానిది 7, ఇత్తడిది 3 దరిదాపు. పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే ఆ రేణువులు వార్నిష్ మీద గరుకు కాగితంలా గీతలు పెడతాయి. ముందు మెత్తటి బ్రష్‌తో (గడ్డం గీసుకునే పాత బ్రష్ చక్కగా పనికొస్తుంది) పై నుంచి కిందికి దులపాలి. మెట్ల సందుల్లో గాలి ఊదాలంటే సైకిల్ పంపు ఉంది. నోటితో ఊదితే ఉమ్మి తడి పడుతుంది. ఆ తర్వాతే గుడ్డ. తడిగుడ్డను చెక్క మీద తప్ప ఎక్కడా వాడకూడదు, అక్కడైనా గట్టిగా పిండి వాడాలి.

చర్మ వాద్యాల దారి వేరు. మృదంగం కుడి మూతి మీది నల్లటి మచ్చ, మెత్తటి రాతి పొడినో ఇనుప చిట్టెం పొడినో అన్నం ముద్దతో కలిపి పొరలు పొరలుగా రుద్ది పెట్టింది. దాని మీద తడి తగిలితే పొర వదులుతుంది, దుమ్ము దిగితే పగుళ్లు పెరుగుతాయి. అక్కడ పొడి బ్రష్ తప్ప మరేదీ వద్దు. ఎడమ వైపు అంటించిన రవ్వ ముద్దను కచేరీ అవగానే తీసి శుభ్రం చేయాలి. లేకపోతే దుమ్ము దానికే పట్టుకుంటుంది, చీమలూ ఎలుకలూ వస్తాయి. డోలక్‌నైనా డప్పునైనా నేల మీద వెల్లకిలా పెట్టకూడదు. బరువైన ధూళి పై నుంచి కిందికి దిగుతుంది కాబట్టి, గోడకు మేకు కొట్టి మూతి గోడవైపు తిప్పి వేలాడదీసిన డప్పు మీద చాలా తక్కువ పడుతుంది. మంట దగ్గర కాచే ముందు డప్పును దులపడం మరిచిపోకూడదు.

మైనం వాడిన వాద్యాలకు దుమ్ము ఇంకా తొందరగా అంటుకుంటుంది. బొబ్బిలి వీణ మీద 24 మెట్లూ మైనం దిమ్మ మీదే నిలబడతాయి. కృష్ణకు అవతల, నల్లమల తెలంగాణ అంచులో దర్శనం మొగిలయ్య వాయించే 12 మెట్ల కిన్నెరలోనూ మైనమే మెట్లను పట్టి ఉంచుతుంది. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మైనం ఎండకు మెత్తబడి, దుమ్మును తనలోకి తీసుకుని, ఆరాక గట్టిపడుతుంది. దాన్ని గోకితే మెట్టు కదులుతుంది. ఇలాంటి వాద్యానికి గవిసెన ఎంత అవసరమో నీడ కూడా అంతే అవసరం.

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) లాంటివారి చేతుల్లో నాదస్వరాన్ని చూసినవారికి, దాని నుంచి దారంతో వేలాడే విడి పీకలూ సన్నటి సూదీ గుర్తుంటాయి. అలంకారంలా కనిపించినా అవి పనిముట్లు. ఊపిరి తడికి మెత్తబడిన పీకలో చేరిన చెత్తను ఆ సూదితోనే తీసి, నోరు సరిచేస్తారు. వాయించడం అయ్యాక పీకను ఆరనిచ్చి మూత ఉన్న చిన్న డబ్బీలో దాస్తే దుమ్ము దరిచేరదు.

చర్చి పాటలకూ, ఇప్పుడు భజనలకూ ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చేసింది. దుమ్ము దానికీ శత్రువే, కీల కింది రబ్బరు బుడిపెల మీద చేరితే కొన్ని స్వరాలు పలకడం మానేస్తాయి. పంచె గవిసెన దీనికీ సరిపోతుంది. బోర్లించి బ్రష్‌తో దులిపే ముందు కరెంటు తీసేయాలన్నదొక్కటే అదనపు జాగ్రత్త.

అటక మీద పెట్టక తప్పకపోతే, బాగా ఎండిన వేపాకును గుడ్డ మూటలో కట్టి పెట్టె పక్కన ఉంచవచ్చు. పచ్చి ఆకు వేస్తే తేమతో బూజు వస్తుంది. ఎలుకలకు మాత్రం వేపాకు భయం లేదు, తిత్తి తోలు వాటికి ఇష్టమైన తిండి. గట్టి మూత ఉన్న చెక్కపెట్టె ఒక్కటే దానికి మందు.

ఇన్ని చేసినా ఏ నెలగంట నాడో తెరిచి చూస్తే ఒక మెట్టు పలకకపోవచ్చు. రీడ్ పలక కనిపించేలా మూత విప్పి, ముందు పంపుతో గాలి కొట్టాలి. అప్పటికీ కదలకపోతే పాత ఎక్స్‌రే ఫిల్ములో సన్నటి పట్టీ కోసి, నాలుక కిందుగా ఒక్కసారి మెల్లగా జరపాలి. చాలాసార్లు ఆ ఒక్క రేణువు బయటపడుతుంది, స్వరం తిరిగొస్తుంది. బ్లేడు, గుండుసూది మాత్రం తాకనీయకూడదు. నాలుక కొన దగ్గర కాస్త అరిగినా స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర అరిగితే కిందికి దిగుతుంది. అలా శ్రుతి తప్పిన రీడ్‌ను ఆకురాయితో సరిచేయడం హార్మోనియం రిపేరు చేసేవారి పని. వారి దగ్గరికి మోసుకెళ్లేటప్పుడు కూడా తిత్తిని మూసి, కొక్కెం పెట్టి, గవిసెన తొడిగి తీసుకెళ్లాలి. బస్సు కిటికీ పక్క సీటు వద్దు.