గోడ నుంచి మొదలుపెట్టాలి

తక్కువ ఖర్చులో గేమింగ్ కంప్యూటర్ కట్టుకుందామనుకునే పిల్లల లిస్టులన్నీ గ్రాఫిక్ కార్డుతో మొదలై, లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గర ముగుస్తాయి. కార్డు పేరు నంబరుతో సహా ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ ఎదురుగా మాత్రం 'ఏదో ఒకటి' అని ఉంటుంది, లేదంటే క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చేదే చాలన్న ధీమా ఉంటుంది. నేను ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చదువుతాను. మా ఎడపల్లిలో కంప్యూటర్ కట్టాలంటే మొదట చూడాల్సింది గోడకున్న ప్లగ్గు. అక్కడి నుంచి ఎస్‌ఎంపీఎస్, ఆ తర్వాతే కార్డు, బోర్డు, ప్రాసెసర్.

నగరాల్లో కూర్చుని వీడియోలు చేసేవాళ్లు కరెంటు సంగతి ఎత్తరు. వాళ్లకు ఆ అవసరం రాదు. మాది నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీది ఊరు. ఒకప్పుడు చెరుకు సీమ. ఇప్పుడు ఎటు చూసినా వరి, పసుపు, వాటి మధ్య బోర్లు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది, రైతుకు మేలే జరిగింది. కానీ ఇళ్లూ బోర్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నచోట నాట్ల కాలంలో మోటార్లు అందుకున్నాయంటే ఇంట్లో ఫ్యాను నీరసపడుతుంది. ఫ్యాను ఓర్చుకుంటుంది, ఆటలో పూర్తి లోడు మీదున్న కంప్యూటర్ ఓర్చుకోదు.

అందుకే కొనేముందు ఎస్‌ఎంపీఎస్ డబ్బాను తిప్పి పక్కనున్న పట్టీ చదవమంటాను. అందులో రెండు సంగతులు చూస్తే చాలు. మొదటిది, ఎంత వోల్టేజీ దాకా తట్టుకుంటుందన్నది. కొన్నిటి మీద 100–240 అని ఉంటుంది. కొన్ని చవక రకాల మీద 200–240 అని మాత్రమే ఉంటుంది, '80 ప్లస్' ముద్ర ఉన్నవాటిలో కూడా. రెండో రకానికి వోల్టేజీ 180కి పడిపోతే ఏం చేయాలో తెలియదు. మొదటి రకానికి అది లెక్కలోకే రాదు. ధరలో తేడా పెద్దగా ఉండదు గానీ మా ఊళ్లో రెంటికీ చాలా దూరం. 80 ప్లస్ అన్న ముద్ర గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా అవుతుందో చెబుతుంది, అంతే. లోపలి కెపాసిటర్లు ఎన్నేళ్లు నిలుస్తాయో చెప్పదు.

రెండోది 12 వోల్టుల లైను. గేమింగ్ కంప్యూటర్‌లో ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది దాదాపు పూర్తిగా దీని మీదే. ఆ లైనుకు ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో చూసి 12తో గుణించాలి. 37 ఆంపియర్లుంటే 444 వాట్లు, అంటే డబ్బా మీది 450 నిజమే. 16 ఆంపియర్లే ఉంటే 192 వాట్లు. అప్పుడు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 450 వట్టి అలంకారం. కార్డు పక్కన పెట్టి ఈ గుణకారం నేర్చుకున్న కుర్రాడికి సగం విద్య వచ్చినట్టే అంటాను నేను.

యూపీఎస్ దగ్గరా ఇలాంటి తిరకాసే. 600 వీఏ అంటే 600 వాట్లు అనుకుంటారు. మన దుకాణాల్లో దొరికే మామూలు రకానికి అది 360 వాట్లు. రైజెన్ 5 5600 ప్రాసెసర్ 65 వాట్లది, ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లది. బోర్డు, ఫ్యాన్లు, మానిటర్ కలిపినా 360లో ఇముడుతుంది గానీ కార్డు ఒక్క క్షణం ఉబికిందంటే యూపీఎస్ కుయ్యిమంటుంది. వెయ్యి వీఏది తీసుకుంటే ఆ బెంగ లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనేవాళ్లకు ఒక మాట: పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లకూ మంచి ఎస్‌ఎంపీఎస్‌లకూ తరచూ పొసగదు. సైన్ వేవ్ అయితే సరే, దాని వెనక ఉన్న స్విచ్చిని 'యూపీఎస్' వైపు తిప్పి పెట్టుకోవాలి.

ఇక కార్డు. వాట్ల లెక్క ఎంత బిగుతుగా ఉంటే ఎంత ప్రమాదమో చెప్పడానికి మన తెలుగాయన చేయించిన కార్డే మంచి ఉదాహరణ. ఆంధ్రా యూనివర్సిటీలో, ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన రాజా కోడూరి 2015లో ఏఎండీలో రేడియాన్ విభాగానికి పెద్ద అయ్యారు. సామాన్యుడి జేబుకు అందే కార్డు కావాలని 2016 జూన్‌లో ఆర్‌ఎక్స్ 480ని 199 డాలర్ల మొదటి ధరకు తెచ్చారు. దాని అధికారిక లెక్క 150 వాట్లు. బోర్డు మీది స్లాటు నుంచి 75, ఆరు పిన్నుల తీగ నుంచి 75. అటూ ఇటూ మిగులు లేదు. బయటివాళ్లు కొలిచి చూస్తే ఆటలో అది స్లాటు నుంచి హద్దుకు మించి లాగుతోందని తేలింది. చవక బోర్డులు ఆ బరువు మోయగలవా అని ప్రపంచమంతా గోల. జులైలో కొత్త డ్రైవర్ ఇచ్చి ఆ భారాన్ని తీగ వైపు మళ్లించారు. నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, పెద్ద కంపెనీ ఇంజినీర్లు కూడా చివరికి మనలాగే కూడికలు తీసివేతల దగ్గరికే వచ్చారు. ఆ వంశంలోని 570, 580 కార్డులు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. ఈథీరియం మైనింగ్ 2022 సెప్టెంబరులో ఆగిపోయాక మరీ ఎక్కువగా వచ్చాయి. 580 అని కొనేటప్పుడు పేరు చివర '2048 ఎస్‌పీ' అని ఉందేమో చూడాలి. అది పేరుకే 580, లోపల 570.

తర్వాత కోడూరి ఇంటెల్‌కు వెళ్లారు. ఆయన హయాంలో 2022లో వచ్చిన ఆర్క్ కార్డులు మరో పాఠం. పాత బోర్డు మీద కూడా అవి చక్కగా కూర్చుంటాయి, బొమ్మ కూడా వస్తుంది. కానీ బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేకపోతే ఆట కుంటుతుంది. అమరిందా లేదా అన్నది కంటికి కనబడుతుంది, కలిసి నడుస్తున్నదా అన్నది కనబడదు.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీది కూడా అదే కథ. కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా పోయే లేన్లు ఉంటాయి. పూర్తి స్థాయి కార్డుకు 16, ఆర్‌ఎక్స్ 6600కు 8, ఈ 6500 ఎక్స్‌టీకి కేవలం 4. నాలుగో తరం స్లాటులో ఆ నాలుగే సరిపోతాయి. మూడో తరం స్లాటులో ఒక్కో లేను వేగం సగమే. పైగా కార్డులో మెమరీ 4 జీబీయే కాబట్టి ఆట మాటిమాటికీ ర్యామ్ వైపు పరుగెత్తుతుంది, ఆ ఇరుకు దారిలోనే. చవక కార్డు కొనేవాడి దగ్గర ఉండేది పాత బోర్డే. ఎవరి కోసం తయారైందో వాళ్లకే తక్కువ పనిచేసే వస్తువు ఇది.

కార్డుకు ప్రాసెసర్ కూడా జోడు కుదరాలి. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజుల గురించి పెద్దవాళ్లు చెప్పేది ఒకటే: గానుగ ఎంత పెద్దదైనా గేటు దగ్గరికి చెరుకు బండ్లు వచ్చినంత వరకే ఆడేది. కార్డు గానుగ, ప్రాసెసర్ బండ్లు. పాత నాలుగు కోర్ల ప్రాసెసర్ పక్కన ఖరీదైన కార్డు పెడితే కార్డు ఖాళీగా తిరుగుతుంది.

ఆఫీసులు తీసేసిన బ్రాండెడ్ డబ్బాలు తెచ్చి కార్డు గుచ్చే పద్ధతి కూడా ఉంది. తీగ అవసరం లేని జీటీఎక్స్ 1650, లేదా 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ అందుకు పనికొస్తాయి. చిన్న డబ్బా అయితే సగం ఎత్తు కార్డే పడుతుంది. ఎస్‌ఎంపీఎస్ పిన్నులు ఆ కంపెనీ సొంతవి, రేపు మార్చుదామంటే బజారులో దొరకదు. పైగా ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లకు విండోస్ 11 ఇవ్వనంటోంది మైక్రోసాఫ్ట్, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఒకటి రెండేళ్ల ఆటకైతే కాదనను.

ఈ మధ్య పాలిటెక్నిక్ చదివే పిల్లవాడొకడు వచ్చాడు. "మా బాపు నలభై వేలు ఇస్తనన్నడన్నా. బోర్డు ఆన్‌లైన్ల చూసిన, బీ450, సెకండ్ హ్యాండ్. ప్రాసెసర్ కొత్తది 5600. రెండిటికీ సాకెట్ ఏఎం4 ఏ గదా, పడ్తది గదా?"

"పడ్తది. బొమ్మ రాకపోవచ్చు" అన్నాను.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది. ఒకే సాకెట్‌లో ఇన్ని తరాల ప్రాసెసర్లు పట్టడం పేదవాడికి వరమే. ఇంటెల్‌లో ఆరో తరం, ఎనిమిదో తరం ప్రాసెసర్ల సాకెట్ చూడ్డానికి ఒకటే అయినా ఒకదాని బోర్డులో మరొకటి నడవదు. ఏఎండీ అలా చేయలేదు. కానీ ప్రతి కొత్త ప్రాసెసర్‌నూ గుర్తుపట్టే వివరం బోర్డు మీది బయాస్ చిప్పులో ఉండాలి. పాత బోర్డుల్లో చాలావాటికి ఆ చిప్పు 16 మెగాబైట్లే. 2020 మేలో ఏఎండీ, 400 సిరీస్ బోర్డులకు 5000 సిరీస్ ప్రాసెసర్లు పట్టవని చెప్పేసింది. కొన్నవాళ్లు ఊరుకోలేదు. అదే నెలలో మాట వెనక్కి తీసుకుంది. అందువల్లే బీ450 మీద 5600 నడుస్తుంది, బయాస్ కొత్తదైతేనే. పాత బయాస్‌తో ఉన్న బోర్డులో కొత్త ప్రాసెసర్ పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది. దాన్ని కొత్తది చేయాలంటే ఒక పాత ప్రాసెసర్ కావాలి, లేదా బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉండాలి. ఎడపల్లిలో పాత ప్రాసెసర్ ఎవరింట్లో దొరుకుతుంది? బస్సెక్కి నిజామాబాద్ పోవాలి.

అందుకే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఈ మూడూ ఒకే దుకాణంలో కొని, అక్కడే బొమ్మ వచ్చేదాకా నిలబడమంటాను. నిజామాబాద్ అయినా సరే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా సరే. మూడు చోట్ల కొంటే రేపు ముగ్గురూ తప్పు పక్కవాడిదే అంటారు. బిల్లు మీద 18 శాతం జీఎస్‌టీ బాధే, కానీ సీరియల్ నంబర్లు రాసిన ఆ బిల్లు లేకుండా వారంటీ అడగలేం.

ర్యామ్ దగ్గర పిల్లవాడి లెక్క తప్పింది. 2025 చివరికి ర్యామ్ ధరలు ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీనంతా మింగేస్తున్నాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మడమే మానేస్తున్నానని డిసెంబరులో ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో లేచిన డేటా సెంటర్ దెబ్బ మా ఊరి లిస్టు మీద పడింది. డీడీఆర్4, డీడీఆర్5 రెంటికీ 288 పిన్నులే ఉన్నా గాటు వేరే చోట ఉంటుంది, ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు. చవకగా దొరికిందని ఏదో ఒకటి తెచ్చేందుకు లేదు. ఒకే 16 జీబీ ముక్క కంటే రెండు ఎనిమిదులు మేలు. నాలుగు స్లాట్ల బోర్డులో వాటిని ప్రాసెసర్ వైపు నుంచి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టాలి.

"అయితే కార్డు రాదా అన్నా?"

ఇప్పుడు రాదు. లిస్టును రెండు దఫాలు చేశాం. మొదటి దఫాలో 5600కు బదులు 5600జీ. 'జీ' లేని దాంట్లో బొమ్మ ఇచ్చే భాగమే ఉండదు, కార్డు లేకుండా తెర వెలగదు. జీ రకం తన గ్రాఫిక్స్ కోసం ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు ముక్కలన్న నియమం ఇక్కడ మరీ ముఖ్యం. వాలరెంట్, జీటీఏ 5 తక్కువ సెట్టింగుల్లో నడుస్తాయి. నష్టమూ ఉంది: దీని క్యాష్ 5600లో సగం, స్లాటును మూడో తరం వేగానికే నడుపుతుంది. అది వాడికి చెప్పే ఒప్పించాను. ఎస్‌ఎంపీఎస్ మాత్రం రేపటి కార్డుకు సరిపడేది ఇప్పుడే, 100–240 రాసి ఉన్నది, ఎనిమిది పిన్నుల తీగతో. ఆర్‌ఎక్స్ 6600కు ఏఎండీ అడిగేది 450 వాట్లు, మేం 550 తీసుకున్నాం. వాళ్లింట్లో పాత మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంది. బోర్డుకు వీజీఏ ఉన్నది చూసి ఎంచాం. కార్డు వచ్చిన రోజు ఆ మానిటర్ నేరుగా పనికిరాదు, కొత్త కార్డులకు వీజీఏ ఉండదు. ఆ ఖర్చూ రెండో దఫా కింద రాసిపెట్టాం.

అద్దాలు, రంగు లైట్ల క్యాబినెట్ గురించి కాసేపు పేచీ పెట్టాడు. కోతల కాలంలో హార్వెస్టర్ల దుమ్ము ఎలా ఉంటుందో వాడికి నేను చెప్పనక్కర్లేదు. ముందు వైపు జాలీ, దాని వెనక కడిగే ఫిల్టర్ ఉన్నది తీసుకున్నాం.

కార్డు మాట మార్చిలో, నిజామాబాద్ యార్డులో పసుపు ధర చూసి మాట్లాడుదామన్నాడు వాళ్ల బాపు. పిల్లవాడు అంతదాకా ఆగుతాడా! నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు, 6500 ఎక్స్‌టీ ఒకటి మంచి ధరకు దొరుకుతోందని. వద్దని రాశాను. 'నాలుగు లేన్లదేనా అన్నా అది?' అని వాడే అడిగాడు.