నాజీ వైద్యులు: ఫారం దగ్గరే మొదలైన నేరం

అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ 1986లో ప్రచురించిన ‘ది నాజీ డాక్టర్స్’ వైద్యవిద్యార్థులంతా చదవాల్సిన పుస్తకం. హిట్లర్ హయాంలో పనిచేసిన వైద్యులను స్వయంగా కలిసి, మాట్లాడి రాశారు. ఇంట్లో మంచి తండ్రిగా ఉంటూనే ఆష్విట్జ్‌లో హత్యలు చేయడానికి ఆ వైద్యుల్లో రెండో వ్యక్తిత్వం ఒకటి తయారైందని ఆయన సిద్ధాంతం.

నా అభ్యంతరం ఈ సిద్ధాంతంతోనే. ఆయన చూపిన సాక్ష్యమే వేరే మాట చెబుతోంది. 1933 చట్టం కింద బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత మానసిక రోగుల వంతు వచ్చింది. రోగిని చూడకుండానే, ఫారం చదివి, నిపుణులు ఎర్ర పెన్సిలుతో ప్లస్ గుర్తు పెడితే ఆ రోగికి చావే. 1940, 1941 సంవత్సరాల్లో ఆరు కేంద్రాల్లో 70 వేల మందికి పైగా గ్యాసుతో చంపారు. ఆ గుర్తు పెట్టడానికి రెండో వ్యక్తిత్వం అక్కర్లేదు. పదవి మీద ఆశ, పైఅధికారి మీద భక్తి, పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే నమ్మకం ఉంటే చాలు.

న్యాయశాస్త్రం చదివిన నాకు మరో విషయం ముఖ్యమనిపిస్తుంది. మనుషుల మీద ప్రయోగాలకు సమ్మతి కావాలని జర్మనీ 1931లోనే నిబంధనలు రాసుకుంది. అయినా శిబిరాల్లో ఖైదీల మీద ప్రయోగాలు ఆగలేదు. న్యూరెంబర్గ్ వైద్యుల విచారణలో 23 మంది ముద్దాయిల్లో 20 మంది వైద్యులే. 1947 తీర్పు ఇచ్చిన పది సూత్రాలను బట్టీ పట్టిస్తే సరిపోదు. ఫారం వెనక మనిషి ఉన్నాడని గుర్తించి, పెన్సిలు కింద పెట్టడం నేర్పాలి. అలా నిరాకరించినవారికి అండగా నిలబడే సంస్థలూ ఉండాలి.