చూపు కలపడమే నైపుణ్యమా?

ఆటిజం ఉన్న కౌమార పిల్లలకు గ్రూప్ థెరపీలో నేర్పే సామాజిక నైపుణ్యాలను మనం వైద్యం ఖాతాలో వేసి వదిలేస్తున్నాం. వాటిని ఒక పాఠ్యంగా కూడా చదవాలి. మంచి నడవడి అంటే ఏమిటో ఆ పాఠ్యమే నిర్ణయిస్తోంది. ఆ నిర్ణయం ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒకేలా పనిచేయదు.

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లోనైనా మరోచోటైనా ఇలాంటి తరగతి తీరు దాదాపు ఒక్కటే. అయిదారుగురు పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. పేరు పెట్టి పలకరించడం, ఆటలో తన వంతు కోసం ఆగడం, ఓడిపోతే తట్టుకోవడం, కొట్టుకెళ్ళి సరుకు అడిగినట్టు నటించడం నేర్చుకుంటారు. బడిలో ఒంటరిగా మిగిలిపోయిన పిల్లలకు ఇది తక్కువ సంగతేం కాదు. ఇబ్బందల్లా పక్కన కూర్చుని గమనించేవాళ్ళ చేతిలోని పట్టికతోనే. కళ్ళలోకి చూసిందా? నవ్వితే నవ్విందా? చెప్పినట్టు చేసిందా? ప్రతిదానికీ ఒక మార్కు.

ఎదిగే ఆడపిల్లకు మన ఇళ్ళల్లో 'తల దించుకుని నడువు' అని చెప్తాం. ఆ పిల్లకు ఆటిజం ఉంటే థెరపీ గదిలో 'నా కళ్ళలోకి చూడు' అంటాం. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడగానే మళ్ళీ 'ఎవరి వంకా చూడకు' అంటాం. ఇందులో ఏది నైపుణ్యం?

అసలు ఈ కొలత ఎవరిని చూసి తయారైంది? లియో కానర్ 1943లో వర్ణించిన 11 మంది పిల్లల్లో 8 మంది మగపిల్లలు. హాన్స్ ఆస్పెర్గర్ 1944లో వివరంగా రాసిన నలుగురూ మగపిల్లలే. పక్కవాళ్ళ మాటా నవ్వూ చూసి అనుకరించే ఆడపిల్లలు ఈ కొలతకు దొరకరు. దీన్నే మాస్కింగ్ అంటున్నారు. ఆ నటనకు ఇంట్లో 'బుద్ధిమంతురాలు' అనే పేరొస్తుంది. లోపల అలసట, ఆందోళన మిగులుతాయి. గుర్తింపు ఏళ్ళ తరబడి ఆలస్యమవుతుంది.

తల్లి సంగతీ అంతే. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో తల్లుల ప్రేమరాహిత్యం వల్లే ఆటిజం వస్తుందని వాదించాడు. ఆ సిద్ధాంతం కూలిపోయింది. అయినా తలుపు బయట కూర్చునేదీ, ఇంటి దగ్గర చేయించాల్సిన అభ్యాసాల కాగితం మోసేదీ ఎక్కువగా తల్లే. బిడ్డకు మార్కు తగ్గితే తప్పు ఇంకా ఆమెదే.

స్వయంగా ఆటిస్టిక్ అయిన పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఒక మాట ముందుకు తెచ్చాడు. అపార్థం ఇరువైపులా ఉంటుంది, ఆటిజం లేనివాళ్ళకూ వీళ్ళు అర్థం కారు అని. మరి ఒక పక్షానికే శిక్షణ దేనికి?

పెద్దవాళ్ళు చెప్పిందల్లా చేయడమే నైపుణ్యమని నేర్చిన అమ్మాయి, భుజం మీద అక్కర్లేని చెయ్యి పడినప్పుడు ఏం చేస్తుంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం హింస నుంచీ దోపిడీ నుంచీ ఆమెకు రక్షణ ఇవ్వాలంటోంది. ఆ రక్షణకు మొదటి మెట్టు 'వద్దు' అనగలగడం. ఆటలోంచి లేచిపోయిన పిల్లకూ, చేతిని తోసేసిన పిల్లకూ పట్టికలో మార్కు తగ్గుతోందా, పెరుగుతోందా? పిల్లల్ని అక్కడికి పంపేవాళ్ళం, అక్కడ పనిచేసేవాళ్ళం ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇది.