కదలనివ్వని కట్టు

సైకిల్ గట్టి బండి. బియ్యం బస్తా మోస్తుంది, వెనక ఒకరిని ముందు ఒకరిని ఎక్కించుకుని మిట్ట ఎక్కుతుంది. అదే సైకిల్‌ను ఉన్నదున్నట్టుగా లారీలో వేసి పంపితే చక్రం వంకరపోయి, గేర్లు పడకుండా ఇల్లు చేరుతుంది. దాని బలమంతా పైనుంచి పడే బరువు కోసం. పక్క నుంచి తగిలే దెబ్బకు అది తట్టుకోలేదు. పుల్లల బిగువు మీద నిలబడ్డ రిమ్ము మీద ఒక బట్టల బేలు అడ్డంగా పడితే చాలు, ఆ బిగువు పోతుంది.

ఈ తేడా చేతులకే తెలిసిన పనివాణ్ని భివండీలో చూశాను. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలీలు స్థిరపడ్డ పేటలు పద్మనగర్, కామత్‌ఘర్. అక్కడ సందుల్లో సాంచాల (మరమగ్గాల) మోతతో పాటు తెలంగాణ మాట కూడా వినిపిస్తుంది. ఈయన వయసులో ఉన్నప్పుడు గ్రే క్లాత్ బేళ్లు కట్టేవాడు. ఇప్పుడు ఊళ్లకు వెళ్లే సామాను కడుతున్నాడు. నేను చూసిన రోజు ఆయన ముందున్నది సిరిసిల్లలో చదువుకుంటున్న ఒక పిల్లవాడి గేర్ల సైకిల్.

అట్టపెట్టెలకు భివండీలో కొదవ లేదు. ముంబయి నగర ప్రవేశ పన్ను (ఆక్ట్రాయ్) హద్దు దాటి ఉండటంతో మాన్‌కోలి, కాల్హేర్ చుట్టూ గోదాములు పుట్టుకొచ్చాయి. 2017లో జీఎస్‌టీ వచ్చి ఆక్ట్రాయ్ పోయినా గోదాములు మాత్రం పోలేదు. కొత్త సైకిల్ వచ్చిన అయిదు పొరల పెట్టెనే ఈయన తీసుకుంటాడు. అట్ట లోపలి ముడతలు నిలువుగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూస్తాడు. నిలువు ముడతలు స్తంభాల్లా బరువు మోస్తాయి, అడ్డంగా ఉంటే నలిగిపోతాయి.

ముందు పెడళ్లు. కుడిది మామూలు మర. ఎడమది తిరగమర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియనివాళ్లు దాన్ని మామూలు మరలాగే ఎదురువైపు లాగి లాగి ఇంకా బిగించేస్తారు. ఈయన పానా పెట్టిన తీరులో తడబాటు లేదు. సీటు గొట్టం దించే ముందు దాని మీద ఒక చుట్టు టేపు వేశాడు, ఊళ్లో పిల్లవాడు మళ్లీ అదే ఎత్తుకు పెట్టుకునేటందుకు.

నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి పని. ముందు చక్రం ఊడదీశాక ఫోర్కు రెండు కాళ్లు ఖాళీగా మిగులుతాయి. లోపల పట్టు లేని ఆ కాళ్లను ఎవరైనా నొక్కితే దగ్గరికి వస్తాయి, మళ్లీ ఇరుసు ఎక్కదు. వాటి మధ్య దూరం 100 మిల్లీమీటర్లు. ఈయన దారం చుట్టే పాత చెక్క కండె ఒకటి తీసి, ఆ కొలతకు రంపంతో కోసి, రెండు కాళ్ల మధ్య ఇరికించి, నూలు తాడుతో బిగించాడు. పనికిరాకుండా మూలన పడ్డ కండె అక్కడ ఇరుసుకు బదులు నిలబడింది. ఊడదీసిన చక్రం ఇరుసు మొనలు అట్టను చీల్చుకుని బయటకు రాకుండా వాటికి ప్లాస్టిక్ మూతలు తొడిగాడు.

వెనక గేరు మార్చే భాగం ఇంకా నాజూకు. అది వేలాడే హ్యాంగర్‌ను మెత్తని లోహంతో చేస్తారు, ఫ్రేమ్ విరిగే బదులు అది వంగాలని. కానీ అది ఒక్క పిసరు వంగినా గేర్లు ఒకటి అనుకుంటే ఇంకొకటి పడతాయి. అందుకే గేరు మార్చే భాగాన్ని అక్కడే ఉంచి గుడ్డ చుట్టి సరిపెట్టుకోలేదు. మర విప్పి, చైనుతో సహా చిందీ గుడ్డలో చుట్టి, వెనక చక్రానికీ ఫ్రేమ్‌కీ మధ్య లోపలికి కట్టేశాడు. ఇక ఏ వైపు నుంచి దెబ్బ తగిలినా ముందు ఫ్రేమ్‌కే తగలాలి.

ఫ్రేమ్ గొట్టాలకు ఆయన వేసే కవచం భివండీ సొంతం. దారం చుట్టి వచ్చే మందపాటి కాగితపు గొట్టాలను నిలువునా చీల్చి తొడుగుతాడు, పైన చిందీ చుడతాడు. బబుల్ రాప్ కన్నా ఇదే మేలని నాకు అనిపించింది. బుడగలు గట్టి దెబ్బకు పగులుతాయి. ఈ గొట్టం దెబ్బను తన పొడవంతా పంచుకుంటుంది.

టైర్లలో గాలి కొంత తగ్గించాడు గానీ పూర్తిగా తీయలేదు. లారీలో ఆ గాలే రిమ్ముకు మెత్త. ఊడదీసిన చక్రాన్ని ఫ్రేమ్‌కు ఆనించి మూడుచోట్ల కట్టాడు. నట్లు, పెడళ్లు ఒక సంచిలో వేసి, దాన్ని ఫ్రేమ్‌కే ముడివేశాడు. పెట్టె అడుగున వదులుగా దొర్లే ఒక్క నట్టు చాలు, దారి పొడవునా రంగు గీరడానికి.

పెట్టె మూశాక రెండు చేతులా పట్టుకుని ఊపి, చెవి ఆనించి విన్నాడు.

"చప్పుడైతే విప్పుడే తమ్మీ" అన్నాడు.

ఎక్కడో సన్నగా టక్కుమంది. మళ్లీ విప్పాడు. హ్యాండిల్ కొన వైపు సందు ఉందని తేలింది. గుడ్డ కుక్కి మళ్లీ మూశాడు. ఈ విని, విప్పి, మళ్లీ కట్టే ఓపిక బేళ్ల పని నేర్పిందే. బేలులో సందు మిగిలితే తాన్లు జారి మడతలు చెడతాయి, వ్యాపారి తిప్పి పంపుతాడు.

ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన వాన్‌మూఫ్ అనే సైకిళ్ల కంపెనీ తమ పెట్టెల మీద పెద్ద టీవీ బొమ్మ అచ్చు వేసింది. 2016లో ఆ సంగతి ప్రపంచమంతా చెప్పుకున్నారు. దెబ్బతినే సైకిళ్లు 70 నుంచి 80 శాతం తగ్గాయని కంపెనీ చెప్పింది. టీవీ అనుకుంటే మోసేవాడి చెయ్యి దానంతటదే మెల్లబడుతుంది. మన పనివాడు కూడా మోసేవాడి గురించే ఆలోచించాడు, వేరే దారిలో. పెట్టెకు రెండు చివర్లా సుతిలి పేని పిడులు కట్టాడు. పట్టు దొరకని పెట్టెను హమాలీ దొర్లిస్తాడు, పట్టు దొరికితే ఎత్తుతాడు. అంత బరువు రోజంతా మోసే మనిషి నడుమును కూడా లెక్కలోకి తీసుకున్న ఆ పిడులంటే నాకు ఎంతో గౌరవం కలిగింది. వాటిని పేనడానికి ఎవరూ ఆయనకు అదనంగా ఇవ్వరు.

చివరికి పెట్టెను గోనెపట్టాలో పెట్టి, దబ్బనంతో అంచులు కుట్టాడు. పుణె, సోలాపూర్ మీదుగా హైదరాబాద్ దాదాపు 700 కిలోమీటర్లు. అక్కడ ఇంకో బండికి మారాలి. ఈలోగా వాన పడొచ్చు, అట్ట తడిస్తే ముడతల బలం పోతుంది. గోనె కింద ముందే పాలిథిన్ షీటు ఒక చుట్టు వేసి ఉంది.

కుట్టక ముందే పెట్టె లోపల, తెరవగానే కనబడేలా, ఒక కాగితం అంటించాడు. డిస్కు బ్రేకు ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టానని, చక్రం ఎక్కించే ముందు దాన్ని తీయమని, చక్రం ఎక్కేదాకా బ్రేకు నొక్కొద్దని తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాడు. అట్టముక్క లేకుండా నొక్కితే ప్యాడ్లు అతుక్కుపోతాయి, డిస్కు దూరదు. కింద తన ఫోన్ నంబరు వేసి, "ఎక్కకపోతే ఫోన్ చెయ్యి బిడ్డా" అని ఇంకో వరుస కలిపాడు.