బాతు కంటికి ఆనని పనితనం

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణిస్తూ ఒక చిన్న తమాషా చూపిస్తాడు. కాలువలో బాతులు రెక్కల్లో తల దూర్చి నిద్రపోతుంటాయి. తెల్లవారుజామున స్నానానికొచ్చిన బ్రాహ్మలు పిండి మరిచిపోయిన బట్టలనుకుని, తిరిగి ఇచ్చేద్దామని తలారులు నీళ్లలోకి దిగుతారు. బాతులు ఉలిక్కిపడి పరుగు తీస్తాయి. పైరు కాసే పడుచులు అది చూసి నవ్వుతారు.

రాయలు బాతును బట్టగా చూపించాడు. అమెరికాలో టెక్సస్ వేటగాళ్లు ఆ తమాషాను తిరగేశారు. హ్యూస్టన్‌కు పడమట కేటీ మైదానమంతా ఒకప్పుడు వరిమళ్లు. చలికాలంలో ఉత్తరం నుంచి తెల్లటి పెద్దబాతులు వచ్చి కోత కోసిన మళ్లలో వాలేవి. వేటగాళ్లు పాత దుప్పట్లు చింపి, ఆ పీలికలను వరికొయ్యల మీద వందల సంఖ్యలో కప్పి, తామూ తెల్ల అంగీలు తొడుక్కుని వాటి మధ్య వెల్లకిలా పడుకునేవారు. గాలికి పీలిక కొస లేచి పడుతుంటే ఆకాశం నుంచి చూసే పక్షికి కింద గుంపు మేస్తున్నట్టే ఉంటుంది. చెక్క చెక్కలేదు, రంగు పుయ్యలేదు. కదలిక ఒక్కటి చాలునని కనిపెట్టారు, అంతే. ఆ మైదానంలో చాలా భాగం ఇప్పుడు కాలనీలైంది. అక్కడ ఇళ్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లలో ఎందరి పెరడు ఒకనాటి బాతుల మడో!

నీటిపక్షుల వేట అనగానే తుపాకీ గుర్తొస్తుంది. నన్నడిగితే ఆ వేటలో అన్నిటికంటే తక్కువ ఆసక్తి కలిగించేది తుపాకీయే. అది అంగట్లో దొరుకుతుంది. మాటు, పక్షిని నమ్మించి రప్పించే దీమం, పడవ మాత్రం ఎవరి నీటికి తగ్గట్టు వాళ్లు చేసుకోవలసిందే. పనివాడి బుర్ర, చెయ్యి కనిపించేది వాటిలోనే. పైగా ఆ పనికి మార్కులు వేసేది మనిషి కాదు. బాతుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, తల తిప్పకుండానే చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది. గుంపు అంచున నిద్రపోయే బాతు ఒక కన్ను తెరిచే ఉంచుతుందని, మెదడులో సగం మేలుకునే ఉంటుందని 1999లో శాస్త్రవేత్తలు తేల్చారు. రాయలవారి తలారులకు ఆ సంగతి తెలియదు పాపం.

ఆ కన్నును మోసం చెయ్యడానికి మన చెరువుల్లో కనిపెట్టిన సాధనం కుండ. వలసపాలన నాటి వేట పుస్తకాల్లో దీని గురించి పదే పదే రాశారు. ముందు కొన్నాళ్లు ఖాళీ కుండలను చెరువులో తేలడానికి వదిలేస్తారు. మొదటి రోజు బాతులు దూరం జరుగుతాయి. నాలుగు రోజులకు వాటి పక్కనే ఈదుతాయి. అప్పుడు వేటగాడు ఒక కుండకు కళ్ల దగ్గర బెజ్జాలు పెట్టి తలకు బోర్లించుకుని, మెడలోతు నీళ్లలో నడుస్తాడు. గాలి తోసినంత నిదానంగా కదలాలి. అల లేవకూడదు. బాతు పక్కకు చేరాక నీటి కింద నుంచి కాళ్లు పట్టి చప్పున లాగేస్తాడు. రెక్క కొట్టుకోదు, అరుపు రాదు. మొలకు దోపుకుని తర్వాతి దాని దగ్గరికి నడుస్తాడు, గుంపుకు ఒకటి తగ్గిన సంగతి తెలియదు. ఇదే ఉపాయం చైనాలోనూ, మెక్సికోలోనూ సొరబుర్రతో చేశారు. ఇందులో చేసిన వస్తువు దాదాపు ఏమీ లేదు. రెండు బెజ్జాలు, అంతే. మిగిలిన పనితనమంతా ఒంట్లో దాచుకున్న ఓర్పు.

కుండ మనిషిని దాస్తుంది. దీమం పని వేరు, లేని బాతును అది ఉన్నట్టు చూపాలి. ఇప్పటిదాకా దొరికిన బాతు దీమాల్లో అతి పాతవి అమెరికాలో నెవాడా రాష్ట్రపు లవ్‌లాక్ గుహలోవి. 1924లో లూవెలిన్ లౌడ్, మార్క్ హారింగ్టన్ అనే పరిశోధకులు అక్కడ తవ్వుతుంటే, గుహ నేలలో దాచిన గోతిలో పదకొండు దీమాలు బయటపడ్డాయి. సుమారు రెండు వేల ఏళ్ల నాటివని తర్వాత లెక్క తేలింది. వాటిని చేసింది తుంగతో. మన చాపలల్లే తుంగకు దగ్గరి జాతే అది.

ఆ చేతిపనిని కాస్త దగ్గరగా చూడాలి. తుంగ కాడల కట్టను వంచి, కొసలను తోక వైపు చేర్చి బిగిస్తే ఒళ్లు తయారు. అది బోలుగా, తేలికగా తేలుతుంది. తల, మెడ కోసం విడిగా కాడలు మడిచి, సన్నటి చీలికతో ఒత్తుగా చుట్టారు. ఆ చుట్టే దవడ ఉబ్బునూ ముక్కు వాలునూ ఇచ్చింది. నలుపు, ఎర్రమట్టి రంగులు పూశారు. అసలు బాతు తెల్లటి ఈకలను పక్కల్లో తాడు చుట్ల కింద వరసగా దోపారు. పక్షిశాస్త్రం తెలిసినవాళ్లు ఇది కాన్వాస్‌బ్యాక్ జాతి మగబాతు అని చూడగానే చెప్పగలరు. పనివాడు అనవసరమైనది ఒక్కటీ పెట్టలేదు, కన్ను కూడా పెట్టలేదు. దూరం నుంచి బాతు దేన్ని చూసి సాటి బాతును గుర్తుపడుతుందో, అంటే తల వాలు, మెడ రంగు, ఒంటి తెలుపు, వాటినే పట్టాడు. వాడుక అయ్యాక చాప చుట్టి గోతిలో భద్రంగా దాచాడు. అలా దాచబట్టే మనకు దక్కాయి. నెవాడా రాష్ట్రం 1995లో ఈ దీమాన్ని తన అధికారిక పురావస్తువుగా ప్రకటించుకుంది.

ఇరవయ్యో శతాబ్దికి దీమం చెక్కలోకి మారి, మసాచుసెట్స్‌లో ఎల్మర్ క్రోవెల్ లాంటివాళ్ల చేతుల్లో శిల్పమైంది. ముక్కుతో ఈకలు సర్దుకుంటున్న సూదితోక బాతును ఆయన చెక్కిన దీమం 2007లో పది లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. చలికాలంలో మన చెరువులకు వచ్చేదీ ఆ సూదితోక జాతే. అయినా చేతికే పట్టం కట్టమంటే నా ఓటు తుంగ దీమానికి. క్రోవెల్ బాతును మనిషి మెచ్చుకుంటాడు, తుంగ బాతును బాతు నమ్మింది.

ఇక పడవలు. మా సీమ నదుల్లో, జలాశయాల్లో తిరిగేది పుట్టి. వెదురు బద్దలను అడుగున అడ్డదిడ్డంగా దాటించి, అంచులకు వంచి అల్లి, వలయాన్ని లావుగా బిగించి, పైన తోలు తొడిగేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, తారు. విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయిస్ తోలు తొడిగిన గుండ్రటి బుట్ట పడవల గురించి రాశాడు. పదిహేను ఇరవైమంది ఎక్కుతారట, కానీ తిన్నగా పోకుండా గిరగిరా తిరుగుతూనే పోతాయట. జానెడు నీటిలో కూడా తేలడం దాని గొప్ప. కోనసీమ, కొల్లేరు వైపు తాటిదోనె ఇంకా చిత్రం. మొదలు ఉబ్బిన తాటిమాను ఎంచి, మెత్తటి లోపలి పీచును తోడేస్తే గట్టి నల్లటి పెంకు మిగులుతుంది. వేరు ఉబ్బే దోనె ముక్కు. రెండింటిని జత కట్టి నడిపితే బోల్తాపడే భయం లేదు. ఇవి వేట కోసమే పుట్టినవి కావు, చేపలకూ దాటడానికీ పుట్టి అన్నిటికీ పనికొచ్చాయి.

వేట కోసమే పుట్టిన పడవ కావాలంటే న్యూజెర్సీ తీరంలో బార్నెగాట్ ఖాతానికి వెళ్లాలి. వెస్ట్ క్రీక్ ఊళ్లో హేజెల్టన్ సీమన్ అనే పడవల వడ్రంగి 1836లో చేసిన ఆ పడవను స్నీక్‌బాక్స్ అన్నారు. దయ్యం శవపేటిక అని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. పన్నెండడుగుల పొడవు, తెల్లటి దేవదారు చెక్క. రెండు గరిటెలను అంచుకు అంచు కలిపి బోర్లించినట్టు అడుగూ వంపే, పైకప్పూ వంపే. మధ్యలో మనిషి దిగి పడుకునేంత సందు. తెడ్డుకొయ్యలు మడిచి పడుకోబెట్టొచ్చు, కాబట్టి అంచు మీద ఏదీ పైకి పొడుచుకు రాదు. పైన బురదనేల గడ్డి పరిస్తే రేవు అంచున పడవ ఉన్నట్టే తెలియదు. ఖాతంలో మంచు గడ్డ కడితే అడుగునున్న ఇనుప పట్టీల మీద దాన్ని లాక్కుపోవచ్చు. తెరచాప ఎత్తొచ్చు. ఒక చిన్న పెట్టెలో ఇల్లు, పడవ, బండి, మాటు నాలుగూ అమర్చాడా వడ్రంగి. నతానియెల్ బిషప్ అనే ఆయన ఇలాంటి పడవలో 1875-76 చలికాలంలో పిట్స్‌బర్గ్ నుంచి ఫ్లోరిడా దాకా నదుల మీద, గల్ఫ్ తీరం వెంట వచ్చి పుస్తకం రాశాడు. వేట పడవకు ఇంతకంటే మంచి కితాబు ఏముంటుంది?

అయితే పనితనం హద్దు మీరితే ఏమవుతుందో కూడా అమెరికా తూర్పు తీరమే చూపించింది. చెసపీక్ ఖాతంలో సింక్‌బాక్స్ అనేది వాడేవారు. మనిషి పడుకునే పెట్టెకు చుట్టూ చెక్కచట్రాల గుడ్డ రెక్కలు, అలలు అణగడానికి. ఆ రెక్కల మీద పోతపోసిన ఇనుప బాతులు నిలబెడితే వాటి బరువుకు పెట్టె సరిగ్గా నీటిమట్టానికి దిగేది. దీమమే బరువు, బరువే మాటు. లెక్క ఎంత ముచ్చటగా ఉందో చూడండి. చుట్టూ వందల చెక్క బాతులు తేలుతుంటే బాతులకు దిక్కు తోచేది కాదు. ఇంగ్లండులోనేమో పంట్ గన్. దాని గొట్టం పడవకే తాళ్లతో కట్టి ఉంటుంది, గురి పెట్టాలంటే పడవనే తిప్పాలి. ఒక్క దెబ్బకు పౌను సీసపు రవ్వలు. అమెరికాలో 1918 చట్టం సంత కోసం సాగే వేటను ఆపింది. సింక్‌బాక్స్‌ను, బతికున్న బాతులను దీమాలుగా కట్టడాన్ని 1935లో నిషేధించారు.

మన దేశంలో హద్దు మీరిన చోటు భరత్‌పుర్. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కూల్చింది. ఆ వేటల లెక్కలు అక్కడి రాతి ఫలకం మీద చెక్కి ఉన్నాయి. మా కడప జిల్లా కలమల్లలోనూ రాయి ఉంది. సుమారు 575 నాటి రేనాటి చోళుడు ఎరికల్ముత్తురాజు ధనంజయుడిది, చెన్నకేశవుడి గుడి ఆవరణలో దొరికింది, తెలుగులో మనకు తెలిసిన తొలి శాసనం. రాతిమీద ఏం చెక్కాలో తెలిసిన కాలం ఏదంటే నేను ఆరో శతాబ్దాన్నే చూపిస్తాను.

ఇన్నిటిలో ఆలోచనకు మొదటి బహుమానం ఇవ్వాలంటే హాలండు ‘కోయి’కి ఇస్తాను. అది పడవా కాదు, తుపాకీ అసలే లేదు. చుట్టూ చెట్లతో ఒక మడుగు, దాని మూలల నుంచి వంపు తిరిగి సన్నబడే కాలువలు, వాటి మీద వల కప్పిన కమానులు. వంపు వల్ల లోపలి కొస కనబడదు. కాలువ పక్కన మనిషెత్తు రెల్లు తడకలు ఏటవాలుగా, ఒకదాని చివరను ఇంకోటి దాచేలా నిలిపి ఉంటాయి. వాటి మధ్య పొట్టి తడకలు. ఒక చిన్న కుక్క పొట్టి తడక దూకి కనిపిస్తుంది, మాయమవుతుంది, ఇంకొంచెం లోపల మళ్లీ కనిపిస్తుంది. తోక ఊపుతూ పోయే ఆ నక్కలాంటి జీవిని చూడాలన్న కుతూహలంతో బాతులు దాని వెంటే ఈదుతాయి. తగినంత లోపలికొచ్చాక మనిషి తడకల సందులో నిలబడతాడు. తడకల ఏటవాలు ఎలా కుదిర్చారంటే, కాలువలోకి వచ్చిన బాతులకు అతను కనిపిస్తాడు, మడుగులో మిగిలినవాటికి కనిపించడు. లోపలివి భయపడి ముందుకే, అంటే ఇరుకుకే ఎగురుతాయి. బయటివి ఏమీ జరగనట్టు మేస్తుంటాయి. బాతు గాలికెదురుగా లేస్తుంది కాబట్టి ఒక్కో గాలికి ఒక్కో కాలువ. తన ఊపిరి వాసన అందకుండా మనిషి కాలుతున్న మట్టిబొగ్గు పెళ్లను నోటి దగ్గర పట్టుకునేవాడు. ఇక్కడ కంటికీ, ముక్కుకూ, చెవికీ మూడింటికీ జవాబు ఉంది. కోయి చుట్టూ సద్దు చేయకూడదన్న హక్కును డచ్చి చట్టం తరతరాలుగా కాపాడింది. ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ 1665లో లండన్ సెయింట్ జేమ్స్ పార్కులో ఒకటి కట్టించుకున్నాడు. ఇప్పటికీ మిగిలిన కోయిల్లో కొన్నిటిలో బాతులను పట్టేది కాలికి ఉంగరం తొడిగి వదలడానికే.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వేటను కట్టడి చేస్తే, 1991 సవరణ లైసెన్సు వేటను కూడా తీసేసింది. అది మంచిదే. కానీ ఆ చేతుల్లోని విద్య ఎటు పోయింది? బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ బిహారులోని మీర్‌షికారు కుటుంబాల వలగాళ్లను పిలిచి పక్షులకు ఉంగరాలు తొడిగే పనిలో పెట్టుకుంది. మా కడప జిల్లా సంగతి మరీ గొప్పది. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి అడవిలో దొరికింది. దాన్ని పట్టి శాస్త్రవేత్తల ముందు పెట్టింది ఒక స్థానిక పిట్టల వేటగాడే.

చెసపీక్ ఒడ్డున హావర్ డి గ్రేస్ ఊళ్లో దీమాల కోసమే ఒక మ్యూజియం కట్టుకున్నారు. కడపలో భగవాన్ మహావీర్ పేరుతో ప్రభుత్వ మ్యూజియం ఉంది. అందులో ఒక అరలో ఒక పుట్టి, ఒక బెజ్జాల కుండ, పిట్టల్ని పట్టే వెంట్రుకల ఉచ్చుల దండ ఒకటి పెట్టాలని, అవి చేసిన కుటుంబాల పేరు పక్కన రాయాలని పురావస్తు శాఖకు నా విన్నపం. వాటిని తయారుచెయ్యడం చూసిన పెద్దలు ఊళ్లలో ఇంకా ఉన్నారు, ఆ పని ఇప్పుడే చెయ్యాలి.